డాలస్ నల్లమట్టిలో బ్లూబెర్రీ ఆకులు పసుపెక్కుతున్నాయి

ప్రశ్న (ఫ్రిస్కో, టెక్సస్)
పెరట్లో కంచె పక్కన నేలలో నాటిన రెండు బ్లూబెర్రీ మొక్కలకు కొత్త ఆకులన్నీ పసుపుగా వస్తున్నాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉంటున్నాయి. కరివేపాకు మొక్కకు పోసినట్టే వీటికీ పులిసిన మజ్జిగ పోస్తున్నాను, కాఫీ పిప్పి కూడా వేస్తున్నాను. పక్కింటివారు గంధకం కలపమంటున్నారు. దానివల్ల ప్రయోజనం ఉంటుందా?

జవాబు (ప్లేనో, టెక్సస్)
మీరు చెప్పినది ఇనుము లోపమండి. మట్టిలో ఇనుము ఉన్నప్పటికీ క్షారగుణం ఎక్కువైతే వేళ్లు దానిని తీసుకోలేవు. బ్లూబెర్రీకి మట్టి పీహెచ్ (పులుపు-క్షారాల కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4.5 నుంచి 5.5 మధ్య ఉండాలి, మన నల్లమట్టిలోనేమో సున్నం దండిగా ఉండి అది 7.5 దాటుతుంది. గంధకాన్ని మట్టిలోని సూక్ష్మజీవులు ఆమ్లంగా మారుస్తాయన్న మాట నిజమే గాని, ఆ ఆమ్లాన్ని ఎప్పటికప్పుడు సున్నం విరిచేస్తూ ఉంటుంది కనుక ఇక్కడ ఆ ప్రయత్నానికి అంతు ఉండదు. ఇక మజ్జిగ ఏపాటి? కాఫీ పిప్పిలోని పులుపు కూడా చాలావరకు డికాక్షన్‌లోకే దిగిపోతుంది. తూర్పు టెక్సస్ ఇసుక నేలల్లో అయితే ఈ మొక్క నేలలోనే హాయిగా పెరుగుతుంది. మీరు మాత్రం చలికాలంలో మొక్కలు నిద్రావస్థలో ఉన్నప్పుడు పెళ్లగించి, అడుగున రంధ్రాలున్న పెద్ద తొట్లలో పీట్ మాస్ (చిత్తడి నేలల్లో దొరికే, పులుపు గుణమున్న చివికిన నాచు), పైన్ బెరడు ముక్కలు కలిపి నాటండి. వేళ్లు సన్నగా పైపైనే ఉంటాయి కాబట్టి తొట్టి ఎండిపోకూడదు, నీరు నిలవనూ కూడదు.

జవాబు (ఇర్వింగ్, టెక్సస్)
తొట్టిలోకి మార్చినంత మాత్రాన సరిపోదు. మన కుళాయి నీరు కూడా క్షారమే కాబట్టి, అదే పోస్తూ ఉంటే కొంతకాలానికి పీట్ మాస్ పులుపు తగ్గి మళ్లీ పసుపు ఆకులే వస్తాయి. చూరు గొట్టం కింద పీపా పెట్టి వాన నీరు పట్టుకోండి. నత్రజని కోసం అమ్మోనియం సల్ఫేట్‌ను కొద్దికొద్దిగా వేయండి, నైట్రేట్ ఎరువుల జోలికి పోకండి.

జవాబు (ఎడిసన్, న్యూజెర్సీ)
ఇంతకీ మీవి ఏ రకాలో చెప్పలేదు. మా రాష్ట్రంలో పైన్ అడవుల ఇసుక నేల పుట్టుకతోనే పుల్లనిది, 1916లో సాగు బ్లూబెర్రీ తొలిసారి అమ్మకానికి వచ్చింది ఇక్కడి నుంచే. అయితే మా బ్లూక్రాప్ వంటి ఉత్తరాది రకాలకు దీర్ఘమైన చలి కావాలి, మీ ఎండలకు అవి తట్టుకోవడం కష్టం. మీకు ర్యాబిట్‌ఐ జాతి తగినది. అందులో క్లైమాక్స్, టిఫ్‌బ్లూ వంటి రెండు వేర్వేరు రకాలు పక్కపక్కన ఉంటేనే పరాగసంపర్కం జరిగి కాపు బాగుంటుంది. కాయ నీలంగా మారగానే కోయకుండా, తొడిమ దగ్గరి ఎర్రటి ఛాయ పూర్తిగా పోయేదాకా ఆగండి, లేకపోతే పుల్లగానే ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు
ఇప్పుడే చూశాను, రెండింటి చీటీల మీదా బ్లూక్రాప్ అనే ఉంది. తొట్లు, పీట్ మాస్ కొని ఈ చలికాలంలో ర్యాబిట్‌ఐ మొక్కలే నాటుతాను.