కేర్ ప్లాన్ రాయిస్తే క్లినికల్ జడ్జ్‌మెంట్ వస్తుందా?

వార్డు_ట్యూటర్ (సికింద్రాబాద్):
బీఎస్సీ నర్సింగ్ రెండో ఏడు పిల్లలు కట్టలకొద్దీ కేర్ ప్లాన్లు (పేషెంటు సమస్యలు, వాటికి నర్సు చేయాల్సిన పనులు) రాస్తున్నారు. ఫైలు ముచ్చటగా ఉంటుంది. బెడ్ దగ్గర నిలబెట్టి "పొద్దుటికీ ఇప్పటికీ పేషెంటులో మారిందేమిటి?" అంటే నోరు పెగలదు. మార్పు పట్టి, ఏం చేయాలో తేల్చుకునే క్లినికల్ జడ్జ్‌మెంట్ రావడం లేదు. కేర్ ప్లాన్లు తీసేసి ఆ టైమంతా బెడ్ దగ్గర ప్రశ్నలకే ఇవ్వాలంటాను. మీరేమంటారు?

ఐసీయూ_ఇన్‌ఛార్జి:
తీసేయాలి. వానాకాలంలో మన హైదరాబాద్ వార్డుల్లో రోజూ కనబడే కేసే తీసుకోండి. డెంగీ అయిదో రోజు, 60 కిలోల మనిషి, జ్వరం 99కి దిగింది.
6 గంటలకు పల్స్ 96, బీపీ 110/70.
9కి పల్స్ 108, బీపీ 106/76.
12కి పల్స్ 118, బీపీ 100/80.
ఏ రీడింగూ విడిగా చూస్తే గాభరా పెట్టదు. బీపీ పై అంకెలోంచి కింది అంకె తీసేస్తే వచ్చేదే పల్స్ ప్రెషర్: 40, 30, 20. అది 20కి వచ్చిందంటే ప్లాస్మా (రక్తంలోని ద్రవం) రక్తనాళాల్లోంచి కారిపోతోంది, షాక్ (అవయవాలకు రక్తం చాలని స్థితి) గుమ్మంలో ఉన్నట్టే. పాదాలు ముట్టుకుంటే చల్లగా ఉంటాయి. యూరిన్ గంటకు కిలోకు 0.5 ఎంఎల్ చొప్పున ఆరు గంటల్లో 180 రావాలి, 100 వచ్చింది. ఇదే పేషెంటు కేర్ ప్లాన్‌లో మొదటి డయాగ్నసిస్ "హైపర్‌థెర్మియా" (ఒళ్లు వేడెక్కడం), చేయాల్సింది తడిగుడ్డ! ఇంట్లోవాళ్లు ప్లేట్‌లెట్లు ఎన్నని అడుగుతారు, పిల్లలూ అదే చూస్తారు. హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం, ప్లాస్మా కారితే పెరుగుతుంది) 40 నుంచి 48కి ఎక్కిన సంగతి ఎవరి కంటా పడదు.

మెడ్‌సర్జ్_మేడమ్ (కూకట్‌పల్లి):
అందులో తప్పు కేర్ ప్లాన్‌ది కాదు, రాయించే వేళది. డ్యూటీ అయ్యాక హాస్టల్‌లో కూర్చుని సీనియర్ల ఫైలు చూసి రాస్తే ఎత్తిరాతే అవుతుంది. కొత్తవాళ్లకు నియమాలు ఊతకర్రల్లాంటివి. నర్సులు అనుభవంతో ఎలా ఎదుగుతారో రాసిన ప్యాట్రీషియా బెన్నర్ 1984లో చెప్పిందీ అదే: నోవిస్ (కొత్త నర్సు) నియమం పట్టుకునే నడుస్తుంది, అనుభవం మీదే అది వదిలిపోతుంది. కర్ర లాగేసి పరుగెత్తమంటే ఎలా? పేషెంటును చూడగానే ఎనిమిదింటికి నాలుగు లైన్లు రాయించండి: ప్రధాన సమస్య ఏది, ఏది చెడొచ్చు, చెడితే ముందు ఏది మారుతుంది, ఎన్ని గంటలకోసారి చూస్తాను. పన్నెండింటికి ఎర్ర పెన్నుతో దిద్దించండి. క్లినికల్ జడ్జ్‌మెంట్ మెట్లంటూ నర్సింగ్ ప్రొఫెసర్ క్రిస్టీన్ ట్యానర్ 2006లో చెప్పిన గమనించడం, అర్థం చేసుకోవడం, స్పందించడం, వెనక్కి తిరిగి చూసుకోవడం నాలుగూ ఆ ఒక్క కాగితంలోనే కనబడతాయి.

స్టాఫ్_సిస్టర్:
ఇద్దరూ అసలు సంగతి వదిలేశారు. వార్డులో స్టూడెంట్లకు పంచేది పేషెంట్లను కాదు, పనులను. ఒక అమ్మాయి ముప్పై బెడ్ల బీపీలు, ఇంకో అమ్మాయి ఇంజెక్షన్లు. ముప్పై మందిని చూసే పిల్లకు ఏ ఒక్కరూ మూడుసార్లు కనబడరు, మార్పు ఎక్కడ పడుతుంది? ఆ తొందరలో శ్వాసలు లెక్కపెట్టకుండా అందరికీ 20 రాసేస్తారు. దానివల్ల ఏమవుతుందో చూడండి. పై కేసులో పన్నెండింటికి అసలు శ్వాసలు 22 అనుకుందాం. పేషెంటు ఎంత ప్రమాదంలో ఉన్నాడో అంకెల్లో చెప్పే న్యూస్‌-2 స్కోరులో పల్స్‌కు 2, బీపీకి 2, శ్వాసలకు 2, మొత్తం 6. అయిదు గానీ అంతకు మించి గానీ ఉంటే డాక్టర్ వెంటనే రావాలి. 20 అని రాస్తే శ్వాసలకు సున్నా, స్కోరు 4, ఎవరూ కదలరు. ఒక్కొక్కరికి ఇద్దరు పేషెంట్లు, శ్వాసలు నిండా 60 సెకన్లు. ఇది లేకుండా మీ రెండు పద్ధతులూ పనికిరావు.

ఫైనలియర్_స్టూడెంట్:
మేడమ్, ఒక్క మాట. మార్పు కనబడ్డా ఎట్ల చెప్పాల్నో తెల్వక ఆగిపోతం. "పేషెంట్‌కు బాలేదు సార్" అంటే ఎవరూ పట్టించుకోరు.

ఐసీయూ_ఇన్‌ఛార్జి:
మంచి ప్రశ్న అడిగావమ్మా. ముందు డ్యూటీ సిస్టర్‌కు చెప్పు, ఆమె పక్కన ఉండగా డాక్టర్‌కు. "సార్, ఫీమేల్ మెడికల్, 14వ బెడ్. డెంగీ అయిదో రోజు, పొద్దున జ్వరం దిగింది. ఆరింటికి బీపీ 110/70, ఇప్పుడు 100/80, పల్స్ 118, పాదాలు చల్లగా ఉన్నాయి, ఆరు గంటల్లో యూరిన్ 100. ఇప్పుడే వచ్చి చూడాలి సార్. హెమటోక్రిట్‌కు మళ్లీ బ్లడ్ తీయమంటారా?" చివరి రెండు వాక్యాలే పిల్లలు మింగేస్తారు. కాలేజీ ప్రాక్టీసు ల్యాబ్‌లో ఇలాంటి కేసునే సీనుగా నడిపి, ఫోన్ చేతికిచ్చి ఇదే చెప్పించాలి. సీను 15 నిమిషాలైతే తర్వాతి చర్చకు 30 ఇవ్వండి. "ఎందుకు చెయ్యలేదు?" అనకండి, "అప్పుడు ఏం చూశావు, ఏమనుకున్నావు?" అనండి. మొదటి ప్రశ్నకు సారీ తప్ప జవాబు రాదు.

వార్డు_ట్యూటర్:
స్టాఫ్ సిస్టర్ మాటకు ఎదురు లేదు, ఇద్దరు పేషెంట్ల పద్ధతి అడిగి తీరాలి. ఎర్ర పెన్ను కాగితానికీ ఒప్పుకుంటున్నా, పాత ఫైలుకు మాత్రం కాదు. మరి మార్కులు? పొద్దున రాసింది తప్పయితే కోత వేయాలా?

మెడ్‌సర్జ్_మేడమ్:
వేయొద్దు. కోత పడితే పిల్లలు పొద్దున ఖాళీ వదిలి మధ్యాహ్నం రెండూ కలిపి రాసేస్తారు. పదికి ఆరు మార్కులు ఎర్ర లైన్లకే ఇవ్వండి, అదీ పక్కన ఏ అంకె చూసి మార్చారో, ఎన్ని గంటలకో రాసి ఉంటేనే.