మరుత్సఖ: చివర హ్రస్వమా, దీర్ఘమా?

పాదచారి: శివకర్ బాపూజీ తల్పడే 1895లో ముంబయి చౌపాటీలో ఎగరేశాడని చెప్పే విమానం పేరు ఒకచోట 'మరుత్సఖ', ఇంకోచోట 'మరుత్సఖా', మరోచోట ఏకంగా 'మరుత్ శక్తి' అని చూశాను. ఏది సరి? పైగా '...మరుత్సఖాభం' అని ఒక శ్లోకం ముక్క పొద్దున్నుంచీ నోట్లో ఆడుతోంది. ముందు భాగం ఎంతకీ తట్టడం లేదు.

తాటాకు: కాళిదాసు రఘువంశం, రెండో సర్గ. 'మరుత్ప్రయుక్తాశ్చ మరుత్సఖాభం తమర్చ్యమారాదభివర్తమానమ్'. దిలీప మహారాజు నందిని అనే ఆవు వెంట అడవిలో తిరిగే చోటు. 'శక్తి' మాట వదిలేయండి, చెవిన పడ్డట్టు ఎవరో రాసుకున్నదే.

కొల్చారం: మా ఊరి వ్యాఖ్యాత మల్లినాథసూరి ప్రకారం అక్కడ మరుత్సఖుడంటే, గాలికి స్నేహితుడంటే, అగ్ని. అమరకోశంలోనూ 'రోహితాశ్వో వాయుసఖః' అగ్ని పేర్లలోనే ఉంది. తల్పడే సంస్కృతం చదివినవాడు. నిప్పు అనే అర్థం తెలిసే పెట్టుంటాడు. అంటే యంత్రంలో ఏదో మండించాడనేగా!

లఘువు: పేరులోంచి ఇంజను లాగకండి అన్నా. ఋగ్వేదం ఏడో మండలం, 96వ సూక్తంలో సరస్వతే 'మరుత్సఖా'. ఎనిమిదో మండలంలో 'అయమింద్రో మరుత్సఖా' అని ఇంద్రుడు. అగ్ని ఒక్కడిదే కాదు ఆ పేరు. సరస్వతి పేరు పెట్టాడనే నా నమ్మకం, కాబట్టి దీర్ఘమే.

సూత్రధారి: తత్పురుష సమాసం అయితే పాణిని సూత్రం 'రాజాహస్సఖిభ్యష్టచ్' పట్టి 'మరుత్సఖః', స్త్రీలింగంలో 'మరుత్సఖీ'. సరస్వతిని 'సఖా' అన్నారంటే అది బహువ్రీహి, మరుత్తులు సఖులుగా గలది అని. కాళిదాసు సాక్ష్యం ఇక్కడ పనికిరాదు. 'ఆభ' చేరగానే సవర్ణదీర్ఘం వచ్చి మనకు కావలసిన అక్షరాన్నే మింగేసింది. తెలుగులోకి తెస్తే రమా 'రమ' అయినట్టు అదీ హ్రస్వమే అవుతుంది. తెలుగు వ్యాసాలు ఎన్ని చూసినా తేలదు.

తాటాకు: అసలు ఎగిరిందా అన్నది కదా ముందు తేలాల్సింది? 1500 అడుగులు లేచి పడిందనీ, బరోడా మహారాజు చూశారనీ, కేసరి పత్రికలో వచ్చిందనీ అంటారు. ఆ సంచిక తెచ్చి చూపినవాళ్లు నాకింతవరకు కనపడలేదు. రైట్ సోదరులు 1903 డిసెంబరు 17న తొలిసారి ఎగిరింది 12 సెకన్లు, 120 అడుగులే. కానీ దానికి ఫొటో ఉంది.

కొల్చారం: ఫొటో లేనంత మాత్రాన అబద్ధమనలేం మాస్టారూ. అమెరికాలో గుస్తావ్ వైట్‌హెడ్ 1901లోనే ఎగిరాడని ఇప్పటికీ వాదించేవాళ్లున్నారు.

తాటాకు: వాళ్లనూ అదే అడుగుతాను, కాగితం ఏదీ అని. ప్రాచీన విమానవిద్య అని చెప్పే వైమానిక శాస్త్రం అనే పుస్తకాన్ని మాత్రం ఇందులోకి తేవద్దు. ఆనేకల్ సుబ్బరాయశాస్త్రి దాన్ని చెప్పి రాయించింది 1918 తర్వాత. 1974లో బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్సీ) వాళ్లు ఐదుగురు పరీక్షించి, అది 1904కు ముందుది కాదనీ, ఆ బొమ్మల్లోవి ఎగరలేవనీ తేల్చారు. ఆ శ్లోకాలు చదివితే మనకే తెలుస్తుంది, వేదభాష వాసన కూడా లేదు.

లఘువు: విమానం కావాలంటే పింగళి సూరన దగ్గరికి వెళ్లండి. కళాపూర్ణోదయంలో రంభా నలకూబరుల విమానం ముందు ఏ యంత్రమైనా దిగదుడుపే.

కొల్చారం: సూరన గొప్పవాడే, కానీ ఈ శ్లోకాన్ని వదిలి వెళ్లకండి. 'అగ్నిలాంటివాడు' అనడానికి కాళిదాసుకు వేరే మాటలే లేవా? ఒకే పాదంలో 'మరుత్' రెండుసార్లు ఎందుకొచ్చిందో చూడండి. తీగల్ని కదిలించింది గాలి. వస్తున్నవాడు గాలికి స్నేహితుడిలాంటివాడు. స్నేహితుడు వస్తున్నాడని గాలే పూలు చల్లించింది! 'మరుత్సఖ' తీసి 'వహ్ని' పెడితే శ్లోకం చచ్చిపోతుంది.

పాదచారి: ఆ శ్లోకం చివరి పాదం 'ఆచారలాజైరివ పౌరకన్యాః' కదా, ఊరి కన్యలు ఆచారంగా లాజలు చల్లినట్టు అని. లాజలంటే పేలాలేనా? మా ఇంట్లో అక్షతలని చెప్పేవారు.

సూత్రధారి: పేలాలే. పెళ్లిలో లాజహోమానికి వాడేవి. అక్షతలంటే దంచని గింజలని ఇంకో వాదం ఉంది, రాత్రికి వివరంగా రాస్తాను.