పనికి తగ్గ సాఫ్ట్‌వేరా, సాఫ్ట్‌వేర్‌కు తగ్గ పనా?

(ఒక చర్చావేదికలోని జాబులు ఇవి. ప్రతి జాబు పైన ఉన్నది రాసినవారి మారుపేరు.)

పంపుల మరమ్మతు
మాది పారిశ్రామిక పంపులు బాగుచేసే సంస్థ. 60 మందిమి ఉన్నాం. ఫిర్యాదు నమోదు, మెకానిక్‌ను పంపడం, విడిభాగాల జారీ, బిల్లు అన్నీ ఎక్సెల్ షీట్లలోనూ ఫోను సందేశాల్లోనూ నడుస్తున్నాయి. ఇక ఇలా సాగదని అందరం ఒప్పుకున్నాం. ఎటు వెళ్లాలన్న దగ్గరే నాకూ మా భాగస్వామికీ తేడా వచ్చింది. నెలవారీ చందాతో దొరికే రెడీమేడ్ ప్యాకేజీ చాలని ఆయన పట్టు. మన పని కోసమే రాయించుకుందామని నా పట్టు. నా కారణం ఒక్కటే. పంపు మా దగ్గర మరమ్మతులో ఉన్నన్నాళ్లూ కస్టమర్‌కు మరో పంపు ఇస్తాం. దాన్ని ‘బదులు పంపు’ అంటాం. మేం చూసిన ప్యాకేజీల్లో వస్తువు గిడ్డంగి దాటిందంటే అది అమ్మకమైనా కావాలి, మెకానిక్ తీసుకెళ్లిన సామానైనా కావాలి. బదులు పంపుకు చోటు లేదు. ఈ ఒక్కదాని కోసం రాయించుకోవడం సబబేనా?

పాత కోడు
సబబు కాదు. ఇతరులు రాసి వదిలేసిన ప్రోగ్రాములను బాగుచేయడమే 20 ఏళ్లుగా నా ఉద్యోగం. రాయించే ఖర్చును అందరూ లెక్క వేస్తారు, తర్వాత దాన్ని పోషించే ఖర్చును ఎవరూ వేయరు. వాడుకలో ఉన్న ప్రోగ్రామును మారుస్తూనే ఉండాలని, లేకపోతే క్రమంగా పనికిరాకుండా పోతుందని సాఫ్ట్‌వేర్ పరిశోధకుడు మీర్ లేమన్ 1970లలోనే చెప్పారు. పన్ను నియమం మారుతుంది, బ్యాంకు తన ఫైలు పద్ధతి మారుస్తుంది. ప్యాకేజీ అయితే ఆ భారాన్ని చందాదారులందరూ పంచుకుంటారు. మీరు రాయించుకుంటే మీరొక్కరే మోయాలి.

ఇద్దరు మనుషుల చిన్న బృందం ఒక రవాణా సంస్థకు రాసిచ్చిన ప్రోగ్రాము నా చేతికి వచ్చింది. రాసినవారిలో ఒకరు వృత్తే మానేశారు, ఇంకొకరు ఫోను ఎత్తరు. సర్వర్‌లో నడుస్తున్నది ఒకటి, మిగిలిన సోర్సు కోడు, అంటే ప్రోగ్రామర్లు రాసిన, మార్పులు చేయడానికి కావలసిన అసలు రాత, అంతకు ముందటిది. బిల్లులో ఒక వరుస చేర్చడానికి మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలలూ గుమాస్తాలు ప్రతి బిల్లు మీదా ఆ వరుసను చేత్తో రాశారు.

పెద్ద సంస్థలకూ ఇది తప్పలేదు. ఎఫ్‌బీఐ తన కేసు ఫైళ్ల కోసం రాయించిన ‘వర్చువల్ కేస్ ఫైల్’ను సుమారు 17 కోట్ల డాలర్లు ఖర్చయ్యాక 2005లో వదిలేసింది. పని సాగుతుండగానే ఏం కావాలన్నది మారుతూ పోయింది.

గిడ్డంగి తాళం
మా సంస్థ ప్యాకేజీయే కొంది. పగిలి వెనక్కి వచ్చిన సరుకును ‘వాపసు’ కింద ఎక్కిస్తే మంచి స్టాకు పెరిగినట్టు చూపేది. ఎక్కించకపోతే కస్టమర్‌కు డబ్బు వెళ్లదు. అందుకని ఎక్కించి, ఆ వెంటనే ‘దొంగతనం’ కింద తీసేసేవాళ్లం. మా స్థాయిలో స్టాకు తగ్గించడానికి తెరిచి ఉన్న దారి అదొక్కటే. ఏడాది చివర లెక్క చూసినవారికి గిడ్డంగిలో దొంగలు పడ్డారనిపించింది. సంజాయిషీ రాసిచ్చింది నేను. ఆ తర్వాత పక్కన ఒక నోటుపుస్తకం పెట్టుకుని అసలు లెక్క అందులో రాసుకున్నాం.

జర్మనీ సూపర్‌మార్కెట్ సంస్థ లిడ్ల్ వ్యాపార ప్యాకేజీలు అమ్మే ఎస్‌ఏపీ అనే కంపెనీ సాఫ్ట్‌వేర్‌తో 2011లో మొదలుపెట్టిన ప్రాజెక్టును 2018లో ఆపేసింది. ఖర్చు సుమారు 50 కోట్ల యూరోలని పత్రికలు రాశాయి. సరుకు విలువను లిడ్ల్ కొన్న ధర మీద కడుతుంది, ఆ ప్యాకేజీ అమ్మకం ధర మీద కడుతుంది. పైకి చూస్తే ఎంత చిన్న తేడా!

పాత కోడు
లిడ్ల్ కథ నా వైపు సాక్ష్యం. వాళ్లు తమ పద్ధతి మార్చుకోలేదు, కొన్నదాన్ని తమకు తగ్గట్టు వంచబోయారు. వంచిన ప్యాకేజీకి రెండు వైపుల కష్టాలూ ఉంటాయి. చందా కట్టాలి, కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా వంచిన చోట్లన్నీ మళ్లీ సరిచూడాలి. కొంటే కొన్నట్టే వాడాలి. మీ ‘దొంగతనం’ లెక్కకు మాత్రం నా దగ్గర సమాధానం లేదు. పనిచేసే మనిషి చేత అబద్ధం రాయించే ప్రోగ్రామును నేను సమర్థించను.

ఆడిట్ బల్ల
మీరు తేల్చుకునేదాకా ఎక్సెల్ నిరపాయంగా ఉంటుందని మాత్రం అనుకోవద్దు. 2020లో ఇంగ్లండ్ ప్రజారోగ్య సంస్థ పాత ఎక్సెల్ ఫైలు పద్ధతి వాడటం వల్ల 15,841 కోవిడ్ కేసులు లెక్కలోకి ఎక్కకుండా పోయాయి. ఆ పద్ధతిలో షీటుకు 65,536 వరుసలే పడతాయి.

గిడ్డంగి తాళం
పాత కోడు గారూ, ‘కొన్నట్టే వాడాలి’ అన్నారు. ఆ కొన్నది ఎక్కడ పుట్టింది? 1972లో ఐబీఎం వదిలివచ్చిన ఐదుగురు ఎస్‌ఏపీని స్థాపించారు. వాళ్ల మొదటి కస్టమర్ ఐసీఐ అనే రసాయనాల కంపెనీ జర్మనీ శాఖ. ఆ కంపెనీ కంప్యూటర్ల మీదే, దాని పనుల కోసమే ప్రోగ్రాము రాశారు. అంటే ఇప్పుడు అందరూ తలవంచే పద్ధతి కూడా మొదట ఒకరి అవసరమే. పంపుల వారూ, జీతాలు, ఖాతాలు, పన్నులు కొనుక్కోండి. వాటిలో మీకంటూ ప్రత్యేకత లేదు. బదులు పంపు మీరు కస్టమర్‌కు ఇచ్చిన మాట. దాన్ని రాయించుకోండి.

పాత కోడు
అలా విడదీస్తే నా అభ్యంతరం సగం తగ్గుతుంది. మిగతా సగం కొన్నదీ రాయించిందీ కలిసే అతుకు దగ్గర ఉంది. కస్టమర్ చిరునామా రెండు చోట్లా ఉంటే ఏది నిజమో ముందే నిర్ణయించాలి, రెండోది దాన్ని చదవాలే తప్ప మార్చకూడదు.

ఒప్పందంలో సోర్సు కోడు హక్కు మీకు బదిలీ అయినట్టు రాతలో ఉండాలి. చాలా దేశాల్లో రాత లేకపోతే డబ్బిచ్చినా బయటి సంస్థ రాసిన కోడు మీద హక్కు ఆ సంస్థకే ఉండిపోతుంది. ఇంకొకటి నేను పట్టుబట్టి అడుగుతాను. చివరి వాయిదా చెల్లించే ముందు, దాన్ని రాయని ప్రోగ్రామర్ ఒకరు కొత్త కంప్యూటర్ మీద ఆ కోడును మొదటినుంచి నిలబెట్టి నడిపి చూపాలి. నడవకపోతే మీకు అందింది సగమే.

పంపుల మరమ్మతు
ఇవి చదివాక ఫిర్యాదులు చూసే ఆవిడ పక్కన వారం రోజులు కూర్చున్నాను. ఒక్కో కాగితం ఎటు వెళుతుందో గీసుకున్నాం. బదులు పంపు అరుదని మా భాగస్వామి అనేవారు. ఆ వారంలో అది రాని రోజు లేదు. గ్యారంటీ కాగితం మీద మూడో సంతకం ఎందుకు మొదలైందో మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు. నేను రాయించి ఉంటే దాన్నీ ప్రోగ్రాములోకి ఎక్కించేవాడిని. నిన్నటి నుంచి ఆ సంతకం తీసేశాం.

ఖాతాలకు ప్యాకేజీ కొనడానికి నేను ఒప్పుకున్నాను. బదులు పంపుల భాగం రాయించడానికి ఆయన ఇంకా ఒప్పుకోలేదు. వచ్చే వారం ఆయన్ను కూడా ఆవిడ పక్కన కూర్చోమన్నాను.