పెళ్లికానివారు తమ పేరుతో హాలిడే కార్డులు పంపవచ్చా?

నీలికవరు:
నాకు 27 ఏళ్లు. ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో ఉద్యోగం చేసుకుంటూ ఒక్కదాన్నే ఉంటున్నాను. మా అమ్మానాన్నలు న్యూజెర్సీలో ఉంటారు. డిసెంబరు వచ్చిందంటే ఇక్కడ చాలా ఇళ్లవారు కుటుంబం ఫోటోతో హాలిడే కార్డులు అచ్చు వేయించి తెలిసినవారందరికీ పంపుతారు. మా ఇంట్లోనూ పదిహేనేళ్లుగా ఆ అలవాటు ఉంది, నా పేరు ఇంతవరకూ అమ్మానాన్నల పేర్ల కిందనే అచ్చవుతూ వచ్చింది. ఈ సంవత్సరం నా పేరుతో నలభై కార్డులు వేయించి, స్నేహితులతో పాటు మా మేనత్తలకూ పిన్నులకూ పంపుదామని చిరునామాలు అడిగితే, "అప్పుడే వేరు కాపురం పెట్టావా?" అని అమ్మ ఫోను పెట్టేసింది. ఇందులో తప్పేమిటో ఎవరైనా చెప్పగలరా?

తెనాలి మాస్టారు:
తప్పు అనను గాని, పద్ధతి కాదంటాను. శుభలేఖలో వధూవరుల పేర్లు ఎంత పెద్ద అక్షరాలతో ఉన్నా, ఆహ్వానించువారు అన్న చోట తల్లిదండ్రుల పేర్లే ఉంటాయి, ఎందుకంటే శుభం ఒక ఇంటి నుంచి మరొక ఇంటికి వెళుతుంది. పైగా మీ కార్డుల్లో చేతిరాత ఏదీ? 1983లో నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, డిసెంబరు చివరి వారంలో బజారులో దారాలకు వేలాడదీసిన గ్రీటింగు కార్డులను గంటసేపు ఏరుకుని, లోపల నాలుగు మాటలు సొంతంగా రాసి, కవరు మడతను అంటించకుండా లోపలికి దోపి, పైన బుక్ పోస్ట్ అని రాసి పంపేవాణ్ణి. అంటిస్తే ఉత్తరం కింద లెక్కగట్టి ఎక్కువ స్టాంపు అడిగేవారు.

దారిన పోయే దానయ్య:
అందులో సినిమా హీరోల కార్డులు ఎన్ని ఉండేవో మాస్టారు చెప్పలేదు.

చదివింపుల చిట్టా:
అమ్మగారి బాధ మరోచోట ఉందని నా అనుమానం. అమెరికాలో ఈ కార్డుల జాబితా అచ్చంగా మన చదివింపుల పుస్తకం లాంటిది. ఎవరు పంపారో చూసుకుని వారికే తిరిగి పంపుతారు, రెండేళ్లు జవాబు రాకపోతే ఆ పేరు కొట్టేస్తారు. మీరు విడిగా పంపితే మీ అత్తయ్య మీకొకటి, మీ అమ్మకొకటి పంపాలి. ఒక్కొక్కదానికి విడిగా స్టాంపు ఖర్చు. పెద్దవారి మీద కొత్త బాకీ మోపుతున్నారు.

నీలికవరు:
జవాబు ఆశించి పంపడం లేదు కనుక బాకీ ప్రసక్తే లేదు. ఇక మాస్టారుగారికి రెండు మాటలు మనవి చేస్తాను. 1843లో లండన్‌లో హెన్రీ కోల్ అనే ఆయన, వచ్చిపడే ఉత్తరాలకు జవాబు రాసే తీరిక లేకనే, హార్స్‌లీ అనే చిత్రకారుడి చేత బొమ్మ వేయించి మొదటి క్రిస్మస్ కార్డును అచ్చు వేయించారు. అంటే చేతిరాత తప్పించుకోవడానికే కార్డు పుట్టింది. రెండవది, 1983లో తమకు పెళ్లయిందా?

తెనాలి మాస్టారు:
ఆ కోల్ దొరగారి కార్డు మీద ఉన్న బొమ్మను కూడా చూడండి. మూడు తరాల కుటుంబం ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఉంటుంది. ఒంటరి మనిషి బొమ్మ కాదు.

దారిన పోయే దానయ్య:
ఆ బల్ల దగ్గర చిన్నపిల్ల చేత కూడా వైను తాగిస్తున్నారని మద్యనిషేధంవారు అప్పుడే గోల చేశారు. ఆ పద్ధతి కూడా పాటిద్దామా?

తెనాలి మాస్టారు:
వెటకారం వద్దు. పైగా కోల్ అప్పటికే గృహస్థు.

నీలికవరు:
కోల్ సంగతి సరే, తమ సంగతి అడిగాను.

తెనాలి మాస్టారు:
నాకు 1986లో పెళ్లయింది. అయితే నేను పంపిన ప్రతి కార్డులోనూ మా నాన్నగారి పేరు ముందు రాసి, నా పేరు తరువాత రాశాను.

చదివింపుల చిట్టా:
స్నేహితులకు పంపినవాటిలో కూడానా?

తెనాలి మాస్టారు:
అడ్డుప్రశ్నలతో నన్ను దోషిని చేయాలని చూస్తున్నారు. సూటిగానే చెబుతాను. మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. కిందటేడు ఎనభై కార్డులు వేయించి, తన పై అధికారికీ, పక్కింటివారికీ, చివరికి పిల్లవాడి పళ్ల డాక్టరుకూ పంపాడు. మాకు మాత్రం ఆ కార్డును ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టాడు. ఇండియాకు చేరేసరికి పండుగ అయిపోతుందట. మా ఆవిడ ఆ ఫోటోను ఫోనులో వేళ్లతో పెద్దది చేసి మనవడి ముఖం చూసుకుని, దీనికి అచ్చు వేసిన కాగితం ఉంటుందా అని నన్ను అడిగింది. కన్నవారి పేరు లేని జాబితాలు తయారుచేయడం మీ తరానికి ఇలాగే అలవాటవుతుంది.

నీలికవరు:
మీ బాధ నాకు అర్థమయింది గాని, దానికి నన్ను తిట్టడం న్యాయం కాదు. నా జాబితాలో మొదటి పేరు అమ్మానాన్నలదే. నేను ఎందుకు విడిపోదలచుకున్నానో ముందే చెప్పి ఉండవలసింది. రెండేళ్ల క్రితం కార్డుకని నన్ను పట్టుచీర కట్టించి మధ్యలో నిలబెట్టారు. అచ్చయి వచ్చాక చూస్తే, తమ్ముడి పేరు ఉత్త పేరుగానే ఉంది, నా పేరు పక్కన మాత్రం నా చదువూ ఉద్యోగమూ ఉన్నాయి. జనవరిలో మూడు ఇళ్ల నుంచి జాతకం అడుగుతూ ఫోన్లు వచ్చాయి. ఎవరూ నన్ను ఒక్క మాట అడగలేదు. కార్డులో నా పేరు ఉండడం వేరు, నేను శుభాకాంక్షలు చెప్పడం వేరు.

చదివింపుల చిట్టా:
ఈ మాట మొదటే చెప్పి ఉంటే స్టాంపు ఖర్చు దగ్గర ఇంతసేపు కొట్టుకునేవాళ్లం కాదు. అయినా మీ అత్తయ్యలు మీ కార్డు చూసి, పిల్ల అలిగి వేరుగా ఉంటోందనే అనుకుంటారు. అమ్మగారి భయం అదే.

నీలికవరు:
అనుకోనివ్వండి. చిరునామాలు మా పిన్నికి ఫోను చేసి తీసుకున్నాను. మాస్టారూ, మీ అబ్బాయికి మీరెప్పుడైనా కార్డు పంపారా?

తెనాలి మాస్టారు:
ముందు తండ్రి పంపితే అడిగి తెప్పించుకున్నట్టు ఉంటుంది. మీ పద్ధతి నాకు ఇప్పటికీ సమ్మతం కాదు. ఇంతకీ అమెరికాకు వెళ్లే కవరుకు స్టాంపు ఎంత అంటించాలో ఎవరైనా చెప్పగలరా?

దారిన పోయే దానయ్య:
తపాలా కార్యాలయంలో తూకం వేసి చెబుతారు. క్రిస్మస్‌కు ఎలాగూ అందదు, సంక్రాంతి శుభాకాంక్షలని రాయండి. ఈసారి కవరు అంటించండి మాస్టారూ.