‘చింతపడకుడి’ అనేది ఆజ్ఞా, ఓదార్పా?

సభ్యులందరికీ వందనాలు. బైబిల్లో పౌలు ఫిలిప్పీ సంఘానికి వ్రాసిన పత్రిక (ఉత్తరం) 4వ అధ్యాయం 6వ వచనంలోని ‘దేనినిగూర్చియు చింతపడకుడి’ అనే మాట గురించి మొన్న ఒక సోదరి ఇక్కడ అడిగారు. ఏళ్ల తరబడి ఆందోళనతో బాధపడుతున్న తనకు ఆ మాట విన్నప్పుడల్లా దేవుని ఆజ్ఞ మీరుతున్నానన్న భయం కలుగుతుందనీ, తెలుగులో దానికి అంత కటువైన అర్థమే ఉందా అనీ వారి ప్రశ్న. విశాఖలో పాతికేళ్లు పిల్లలకు తెలుగు చెప్పినవాణ్ణి, పదకొండేళ్లుగా అదే బాధ పడుతున్నవాణ్ణి కూడా కావడంతో కొంచెం వివరంగానే వ్రాస్తున్నాను.

‘చింత’ సంస్కృతం నుంచి వచ్చిన మాట. దాని ధాతువుకు అర్థం ఆలోచించడం. చింతన, చింతకుడు కూడా అక్కడివే. (పులుపు చింతకూ దీనికీ చుట్టరికం లేదు.) తెలుగువాళ్ల నోట ఆలోచన అన్న అర్థం వెనకపడి, మనసును విడవకుండా తొలిచే తలపు అన్న అర్థం నిలబడింది. అయితే సోదరి ప్రశ్నకు జవాబు ‘చింత’లో కంటే దాని పక్కన చేరిన ‘పడు’లో ఉందని నా అభిప్రాయం. భయపడు, బాధపడు, దిగులుపడు, కంగారుపడు అనేవి మనం పూనుకుని చేసే పనులు కావు, మన మీదికి వచ్చిపడేవి. అలాంటి క్రియను ‘వద్దు’ అన్న అర్థంలో మనం ఎప్పుడు వాడతామో గమనించండి. జ్వరంతో వణుకుతున్న పిల్ల నుదుటి మీద తడిగుడ్డ మార్చుతూ తల్లి ‘భయపడకమ్మా, నేనిక్కడే ఉన్నాను కదా’ అంటుంది. ఆ తరువాత కూడా పిల్ల భయపడితే తల్లి మాట ధిక్కరించిందని ఏ ఇంట్లోనూ ఎవరూ అనరు. తల్లి ఇంకాస్త దగ్గరికి జరిగి కూర్చుంటుంది.

నిర్గమకాండం 20వ అధ్యాయంలోని పది ఆజ్ఞలను దీని పక్కన పెట్టి చదవండి. ‘నరహత్య చేయకూడదు’, ‘దొంగిలకూడదు’ అని అక్కడ ‘కూడదు’ వస్తుంది. యెషయా 41వ అధ్యాయంలో ‘నీకు తోడైయున్నాను భయపడకుము’ అన్నచోట అది రాదు. ‘తీర్పు తీర్చకుడి’ వంటి నిషేధాల్లోనూ ‘కుడి’ కనిపిస్తుంది కాబట్టి ప్రత్యయం ఒక్కదాని మీద వాదం నిలబెట్టను. నిషేధమే అయినా, ‘పడు’ చేరిన క్రియ మీద పలికినప్పుడు అది తెలుగు చెవికి ఓదార్పుగానే వినిపిస్తుంది.

ఇక గ్రీకు మూలం. ఫిలిప్పీ 4:6లో ఉన్నది ‘మెరిమ్నావో’ అనే క్రియ. అదే పత్రిక 2వ అధ్యాయం 20వ వచనంలో తన సహచరుడు తిమోతి ఫిలిప్పీ సంఘస్థుల క్షేమం కోసం నిజంగా ‘చింతించువాడు’ అని పౌలు మెచ్చుకున్నచోట కూడా ఉన్నది అదే క్రియ. కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక 11వ అధ్యాయంలో ‘సంఘములన్నిటినిగూర్చిన చింతయు కలదు’ అని పౌలు తన సంగతే చెప్పుకున్నాడు. అది దినదినమూ తనకు కలుగుతున్న భారమన్నాడు. చింతపడకుడని వ్రాసిన చెయ్యే ఇదీ వ్రాసింది. ‘విశ్వాసముంటే చింత ఉండదు’ అని ఒక సంఘపెద్ద ఒకప్పుడు నా మొహం మీదే అన్నారు. ఆ మాట మోసుకుంటూ రెండేళ్లు డాక్టరు దగ్గరికి వెళ్లకుండా ఉండిపోయాను. ఆ రోజు ఈ వచనం నాకు గుర్తొచ్చి ఉంటే ఎంత బాగుండేదో.

గ్రీకులో లేని ఒక పోలిక తెలుగులో కలిగింది. ‘ఆయన మిమ్మునుగూర్చి చింతించుచున్నాడు గనుక మీ చింత యావత్తు ఆయనమీద వేయుడి’ అన్న 1 పేతురు 5:7లో మన చింతకు ఒక మాట, దేవుడు మనల్ని పట్టించుకోవడానికి వేరొక మాట మూలంలో ఉన్నాయి. తెలుగులో రెండూ చింతే అయ్యాయి. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో ప్రభువైన యేసు ‘చింతాక్రాంతుడగుటకును’ మొదలుపెట్టాడని మత్తయి 26:37లో చదువుతాం. అక్కడి గ్రీకు మాట కూడా వేరే. మూలార్థ నిర్ణయానికి ఈ పోలికలు పనికిరావని పండితులు అంటే ఒప్పుకుంటాను. కానీ నేను ప్రార్థన చేసేది తెలుగులో. నా రోగానికి పెట్టిన పేరే నా ప్రభువుకు ఆ రాత్రి పట్టిందని నా భాషలో చదువుకోవడం నాకు ఎంత ఆసరానో చెప్పలేను.

ఈ అనువాద కృషిలో మన ఊరికీ భాగముంది. 1805లో విశాఖపట్నం వచ్చిన లండన్ మిషనరీ సొసైటీ వారు క్రాన్, డెస్ గ్రాంజెస్‌లు ఆనందరాయర్ సాయంతో ఇక్కడే తెలుగు అనువాదం మొదలుపెట్టారు. వారిద్దరూ పోయాక, 1812లో మూడు సువార్తలు బెంగాల్‌లోని సేరంపూర్‌లో అచ్చయ్యాయి. రేపటినిగూర్చి చింతించవద్దన్న ఉపదేశమున్న మత్తయి సువార్త వాటిలో ఒకటి. ఇప్పుడు మన చేతుల్లో ఉన్న పాఠం ఆ తరువాతి అనేక సవరణల ఫలితం.

ఇంకొక సంగతి. మనం సగం వచనమే చెప్పుకుంటాం. వాక్యం ‘చింతపడకుడి’ దగ్గర ఆగదు, ‘గాని’ అని సాగి ‘మీ విన్నపములు దేవునికి తెలియజేయుడి’ అన్నచోట ముగుస్తుంది. తెల్లవారుజామున మూడింటికి గుండె దడతో మెలకువ వచ్చి, హార్బరు వైపు నుంచి ఓడ కూత వినబడుతూ, కారణం లేకుండానే అరచేతులు చెమర్చినప్పుడు మొదటి సగం నా వల్ల కాదు. రెండో సగం అవుతుంది. లేచి కూర్చుని ‘ప్రభువా, చేతులు చెమర్చాయి, ఎందుకో తెలియడం లేదు’ అని ఉన్నదున్నట్టు చెబుతాను. అదీ విన్నపమే.

ఏడవ వచనంలో దేవుని సమాధానము మన హృదయాలకు ‘కావలియుండును’ అని ఉంది. (ఈ సమాధానం ప్రశ్నకు జవాబు కాదు, శాంతి.) మూలంలో అది సైనికులు కాపలా కాయడానికి వాడే మాట, దమస్కులో అధిపతి పౌలును పట్టుకోవడానికి పట్టణానికి ‘కావలియుంచెను’ అన్నచోట కూడా ఉన్నది అదే క్రియ. పంటకైనా తోటకైనా భయం తీరిపోయాక కావలి పెట్టరు, భయం ఉన్నన్నాళ్లూ పెడతారు. కాబట్టి దడ ఆగలేదంటే కావలి లేదని అర్థం కాదు.

మాత్రలు వాడితే విశ్వాసం తక్కువైనట్టా అని కింద మరొక సభ్యుడు అడిగారు. కాదండి. తిమోతికి వ్రాసిన మొదటి పత్రిక 5:23లో పౌలు అతనికే కడుపు జబ్బు కోసం ద్రాక్షారసం కొంచెం పుచ్చుకోమన్నాడు. నేను రాత్రి మాత్ర వేసుకుని, అదే గ్లాసు చేతిలో ఉండగానే ప్రార్థన చేసుకుంటాను.

మా అమ్మ ప్రార్థనలో ‘చింత’ అనేది కాదు. ‘అయ్యా, నా బెంగ నువ్వెరిగిందే’ అనేది. ఉత్తరాంధ్ర సంఘాల్లో మీ ఇళ్ల పెద్దలు ఇక్కడ ఏ మాట వాడేవారో, గుర్తున్నవారు దయచేసి వ్రాయండి.