"ఎన్నడును కదలనీయడు": కీర్తన 55:22 మీద ఒక సందేహం

ప్రశ్న (జమ్మలమడుగు):
గండికోట రిజర్వాయరు ముంపులో పోయిన ఊళ్లలో మా పెద్దమ్మవాళ్లదీ ఒకటి. ఇప్పుడు పునరావాస కాలనీలో ఉంటున్నారు. మొన్న కూడికలో "నీ భారము యెహోవామీద మోపుము" చదివారు. ఆ వచనం చివర "నీతిమంతులను ఆయన ఎన్నడును కదలనీయడు" అని ఉంది కదా, అక్కడ పెద్దమ్మ "మరి మమ్మల్ని కదిలించినారు కదా నాయనా" అనింది. ఎవరూ జవాబు చెప్పలేదు. కదలనీయడు అంటే ఉన్నచోటే ఉంచుతాడనా?

జవాబు (కడప):
పెద్దమ్మ అడిగింది న్యాయమే. అయితే ఈ మాట చోటు గురించి కాదన్నా. హీబ్రూలో ఇక్కడున్నది 'మోట్'. అడుగు జారడం, తూలిపోవడం అని అర్థం. 121వ కీర్తనలోనూ అదే ధాతువు. అక్కడ మన తెలుగు బైబిలు "ఆయన నీ పాదము తొట్రిల్లనియ్యడు" అనింది. ఇక్కడా అలాగే చదువుకోవచ్చు. కూర్చున్నవాళ్లు తొట్రిల్లరు, నడిచేవాళ్లకే ఆ భయం.

ఇంకో సంగతి. ఈ కీర్తన రాసినాయన నిశ్చింతగా ఉన్నవాడు కాదు. గువ్వలాగా రెక్కలుంటే ఎగిరిపోదును అంటాడు. పట్టణంలో కలహం, నమ్మిన స్నేహితుడే శత్రువయ్యాడు. అదంతా దేవుని ముందు చెప్పుకున్నాకే 22వ వచనానికి వస్తాడు. బాధలో ఉన్నవాళ్లకు ఆ ఒక్క వచనం చదివి ఊరుకోవడం నాకు నచ్చదు. మొత్తం చదవాలి.

జవాబు (ఆదోని):
'భారము' దగ్గర కూడా ఆగాలి. హీబ్రూ మాట 'యెహాబ్', బైబిలంతటిలో ఇక్కడొక్కచోటే వస్తుంది. దాన్ని 'ఇవ్వడం' అనే ధాతువుతో కలిపి, నీ వంతుకు వచ్చింది అని కొందరు పండితులు అర్థం చెబుతారు. పాత గ్రీకు అనువాదం దాన్ని 'చింత' చేసింది. 1 పేతురు 5:7లో "మీ చింత యావత్తు ఆయనమీద వేయుడి" అన్నప్పుడు వినిపించేది అదే.

ఇక మోపడం. ఇప్పటి పిల్లలకు నేరం మోపడమే తెలుసు. మనవైపు కట్టెల మోపు, గడ్డి మోపు ఎత్తినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. బరువు మాయం కాదు, మోసేవాడు మారతాడు. ఊరిని మరచిపొమ్మని ఈ వచనం పెద్దమ్మను అడగడం లేదు.

ప్రశ్న (జమ్మలమడుగు):
కానీ "వెనుక ఉన్నవి మరచి" అని ఫిలిప్పీ 3:13 ఉంది కదా. ఆమెకు చాలామంది అదే చెప్పారు.

జవాబు (కడప):
ఆ పత్రిక రాసిన పౌలు వెనక్కి వదిలినవి ఏవో పై వచనాల్లోనే ఉన్నాయి: బెన్యామీను గోత్రం, పరిసయ్యుడన్న పేరు, ధర్మశాస్త్రం ప్రకారం తన నీతి. అవి ఆయన అర్హతలు. సొంత ఊరు, అమ్మానాన్నల సమాధులు ఆ లెక్కలో లేవు. బబులోనుకు చెరపోయినవాళ్లు సీయోనును తలచుకుని ఏడ్చారని 137వ కీర్తన చెబుతుంది. ఆ పరాయి ఊళ్లోనే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి అని యిర్మీయా 29లో వాళ్లకు ఉత్తరం వచ్చింది. పెద్దమ్మకు రెండూ చదివి వినిపించు. ముందు 137 చదువు. ఆమె ఏడిస్తే ఆపొద్దు. యిర్మీయాకు తొందర లేదు, ఇంకో ఆదివారం చదవొచ్చు.