ఎక్స్‌ప్లోరర్-4 లెక్కల్లో బాంబు ఎలక్ట్రాన్లని ఎలా గుర్తుపట్టారు?

అందరికీ నమస్కారం. మా ఊళ్లో డిగ్రీ పిల్లలకి తొలినాటి ఉపగ్రహాల గురించి ఒక గంట మాట్లాడాలి. అమెరికా ఎక్స్‌ప్లోరర్-4 దగ్గర ఆగిపోయాను, తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

1958 జూలై 26న అమెరికా సైన్యం దీన్ని ప్రయోగించింది. పరికరాలు భౌతిక శాస్త్రవేత్త వాన్ అలెన్ బృందానివి: రేడియేషన్ కణాల్ని లెక్కపెట్టే రెండు గైగర్ కౌంటర్లు, అదే పని ఇంకో పద్ధతిలో చేసే రెండు సింటిలేషన్ కౌంటర్లు. అంతకుముందు ఎక్స్‌ప్లోరర్-1, 3 కాస్మిక్ కిరణాలు కొలవడానికి వెళ్లి, భూమి చుట్టూ ఉన్న రేడియేషన్ వలయాన్ని బయటపెట్టాయి. ఇది మాత్రం పైకి సైన్సు, లోపల మిలటరీ రహస్యం. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో దక్షిణ అట్లాంటిక్ మీద చాలా ఎత్తున ఆర్గస్ పేరుతో మూడు అణుబాంబులు పేల్చారు. వాటి ఎలక్ట్రాన్లు భూమి అయస్కాంత క్షేత్రంలో చిక్కుకుంటాయా లేదా అన్నది ఈ ఉపగ్రహం చూడాలి. చిక్కుకున్నాయి కూడా. ఈ సంగతి జనానికి తెలిసింది 1959 మార్చిలో!

నా ప్రశ్న ఇదీ. అక్కడ సహజ రేడియేషన్ ముందే దండిగా ఉంది కదా, మరి పేలుడు ఎలక్ట్రాన్లని విడిగా ఎలా గుర్తుపట్టారు? పలచటి పొరలా ఒకేచోట లెక్క పెరగడం చూసా, లేక ఒక గైగర్ కౌంటర్‌కి సీసం తొడుగు వేసి రెండో దానితో పోల్చా? పైగా ఇందులో టేప్ రికార్డర్ లేదు, స్టేషన్ మీదుగా వెళ్లినప్పుడే సమాచారం అందేది. అన్ని ఖాళీలున్న డేటాతో అంత గట్టిగా ఎలా చెప్పగలిగారు?

సమీకరణాలు వద్దండీ, బోర్డు మీద గీసి చూపించేలా ఉంటే చాలు. అప్పటి కౌంట్ల గ్రాఫు ఎక్కడ దొరుకుతుందో చెప్పినా మేలే.